సోలార్ యూనిట్ రెండున్నర రూపాయలైతే మన బిల్లు ఎందుకు పెరుగుతోంది?

పాతమీటరు
మూడేళ్ల కరెంటు బిల్లులు ఒక ఫైల్లో దాచిపెట్టాను. నిన్న రాత్రి అన్నీ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. మేం వాడే యూనిట్లు దాదాపు అంతే, కట్టే డబ్బు మాత్రం పెరుగుతూ వచ్చింది. ఇంధన సర్దుబాటు అని ఒక వరుస, ట్రూ అప్ అని ఇంకో వరుస. ఎప్పుడో వాడుకుని డబ్బు కట్టేసిన కరెంటుకు ఇప్పుడు మళ్లీ కట్టాలట.

ఇంకోవైపు పేపర్లో చదివేది వేరు. 2020 డిసెంబరులో గుజరాత్ టెండరులో సౌర విద్యుత్తు ధర యూనిట్‌కు రూ.1.99కి దిగింది. 2021 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ 7,000 మెగావాట్లను రూ.2.49 చొప్పున 25 ఏళ్లపాటు కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2030కి బొగ్గు, గ్యాస్ వాడని కరెంటు సామర్థ్యం 500 గిగావాట్లు అని గ్లాస్గో వాతావరణ సదస్సులో దేశం తరఫున ప్రపంచానికి మాట ఇచ్చాం. ఇంత చవక సరుకు ఇంత పెద్ద ఎత్తున కొంటుంటే బిల్లు తగ్గాలి కదా?

నేను సోలార్‌కు శత్రువును కాను. పద్దు రాయకుండా రూపాయి బయటికి తీయని ఇంట్లో పెరిగినవాణ్ని. దేశం పద్దు కూడా అలాగే ఉండాలని నా నమ్మకం. ఈ చవక ధరలో చేర్చని ఖర్చులేమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

గాలిమర
బిల్లు పెరగడానికి సోలార్ కారణం కాదు. సర్దుబాటు ఛార్జీల్లో ఎక్కువ భాగం బొగ్గు ధర, ఎండాకాలం బయట మార్కెట్లో అధిక ధరకు కొన్న కరెంటు. నింద తప్పు తలుపు దగ్గర పెట్టారు.

బాయిలర్‌గది
గాలిమర గారి మాట సగం నిజం. మిగతా సగం నేను చెబుతాను. థర్మల్ ప్లాంటులో ఇరవై రెండేళ్లు పనిచేశాను.

కరెంటు తయారుచేసే మా యంత్రాలు పగలూ రాత్రీ ఒకే లోడు మీద నడవడానికి కట్టినవి. ఇప్పుడు పొద్దున తొమ్మిది దాటగానే సోలార్ ముంచెత్తుతుంది, మమ్మల్ని సామర్థ్యంలో 55 శాతానికి దిగమంటారు. సాయంత్రం ఐదున్నరకు సూర్యుడు దిగుతుంటే గబగబా పైకి రమ్మంటారు. రోజూ ఇదే. ఇనుము వేడెక్కి చల్లబడి, మళ్లీ వేడెక్కితే ఏమవుతుందో వంటింట్లో పెనం చూసినవాళ్లకు కూడా తెలుసు. బాయిలర్ ట్యూబులు లీకవుతాయి. లోడు బాగా తగ్గితే మంట నిలవదు, ఆయిల్ సపోర్టు ఇవ్వాలి. అదే యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు కాలుతుంది. 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చిన నిబంధనల ప్రకారం ఈ కనీస లోడును దశలవారీగా 40 శాతానికి దించాలి.

ఇక ప్లాంటు నడిచినా నడవకపోయినా స్థిర ఛార్జీలు చెల్లించాల్సిందే. అప్పు వడ్డీ, జీతాలు, నిర్వహణ ఆగవు కదా. పగలు మమ్మల్ని ఆపి సోలార్ తీసుకున్నప్పుడు వినియోగదారుడు ఇద్దరికీ కడుతున్నాడు. ఆ రెండో ఖర్చు సోలార్ టెండరు కాగితం మీద ఉండదు, బొగ్గు ఖాతాలో కనిపిస్తుంది. అందుకే అందరూ "బొగ్గు ఖరీదు" అంటారు.

పాతమీటరు
బాయిలర్‌గది గారూ, నేను వెతుకుతున్నది ఇదే. ఖర్చు ఒకరిది, ఖాతా ఇంకొకరిది.

లెక్కలపంతులు
ఒక చిన్న లెక్క. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 5,900 ఎకరాలు. ఏడాదికి 8,760 గంటలు. సోలార్ సగటున అందులో 24 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే 210 కోట్ల యూనిట్లు వస్తాయి. అంతే సామర్థ్యమున్న బొగ్గు ప్లాంటు 70 శాతంతో నడిస్తే 613 కోట్ల యూనిట్లు. పేరుకు రెండూ వెయ్యి మెగావాట్లే, చేతికొచ్చేది ఒకటికి మూడు.

2025లో దేశ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని శిలాజేతర ఇంధనాలదేనని ప్రకటించినప్పుడు చాలామంది సగం కరెంటు అక్కడి నుంచే వస్తోందనుకున్నారు. ఉత్పత్తిలో మూడింట రెండు వంతులకు పైగా ఇంకా బొగ్గుదే. ప్రకటనలో అబద్ధం లేదు. కానీ విన్నవాడికి తప్పు అర్థమయ్యేలా నిజం చెప్పడం ప్రభుత్వాలకు తగదు.

గాలిమర
పంతులు గారూ, ఆ 24 శాతం టెండరు వేసేవాడికి తెలియదా? యూనిట్ ధరలో అది కలిసే ఉంటుంది. 2.49 అనేది చేతికొచ్చిన యూనిట్‌కే, బోర్డు మీద రాసిన సామర్థ్యానికి కాదు.

లెక్కలపంతులు
నిజమే, ఒప్పుకుంటున్నాను. ధరలో అది కలిసే ఉంది. కలవనిది ఏ గంటకు వస్తుందన్న సంగతి. మధ్యాహ్నం పన్నెండు గంటల యూనిట్, రాత్రి ఎనిమిది గంటల యూనిట్ ఒకే సరుకు కాదు. పెళ్లి అయిపోయాక వచ్చిన బ్యాండు మేళం ఎంత చవకైతే ఏం లాభం?

మితభాషి
మేళం పోలిక బాగుంది.

గాలిమర
పెళ్లి మధ్యాహ్నమే అయితే? 2024 మే 30న దేశంలో డిమాండు 250 గిగావాట్లకు చేరింది. అది మధ్యాహ్నం పూటే, సోలార్ నిండుగా ఉన్న వేళ. ఆ రోజు సోలార్ లేకపోతే కోతలు ఎలా ఉండేవో ఆలోచించండి. మన రాష్ట్రాల్లో వ్యవసాయానికి పగటిపూట కరెంటు ఇవ్వగలుగుతున్నది దేనివల్ల? రాత్రిపూట మోటారు వేయడానికి వెళ్లి పాముకాటుతో పోయిన రైతులు మా ఊళ్లోనే ఇద్దరు. ఆ లెక్క కూడా మీ పద్దులో రాయండి.

పాతమీటరు
రాస్తాను. మనస్ఫూర్తిగా రాస్తాను. పగటి కరెంటు రైతుకు ప్రాణరక్షణ అన్నది కాదనలేని మాట.

రాళ్లసీమ
పాముకాటు గురించి గాలిమర గారు చెప్పింది నాకూ తెలిసిన బాధే. నేను ఇంకో బాధ చెప్పాలి.

మా పక్క ఊళ్ల భూములు ఒక సోలార్ పార్కులో కలిశాయి. పట్టా ఉన్నవాళ్లకు ఒక రేటు, ప్రభుత్వం పంచిన డీ పట్టా భూముల వాళ్లకు ఇంకో రేటు. తాతల కాలం నుంచి సాగు చేస్తున్నా కాగితం లేనివాళ్లకు చేతికొచ్చింది చాలా తక్కువ. అయినా వాళ్లకు ఏదో ఒకటి వచ్చింది. వేరుశనగ పీకడానికి, కలుపు తీయడానికి వెళ్లే కూలీలకు, గొర్రెలు మేపుకొనేవాళ్లకు ఒక్క పైసా రాలేదు, ఎందుకంటే ఏ రికార్డులోనూ వాళ్లు లేరు. చుట్టూ కంచె వేశారు. గొర్రెల దారి మూసుకుపోయింది. మా చిన్నాన్న మందను సగానికి సగం అమ్మేశాడు. ఉద్యోగాలొస్తాయన్నారు. కట్టేటప్పుడు వచ్చాయి, కట్టడం అయ్యాక ప్యానెళ్లు తుడిచే పని, గడ్డి కోసే పని, కాపలా పని మిగిలాయి.

సరిహద్దు దాటితే కర్ణాటకలో పావగడ సోలార్ పార్కు ఉంది. అక్కడ 13,000 ఎకరాలు కొనకుండా కౌలుకు తీసుకున్నారు, ఎకరాకు ఏడాదికి రూ.21,000, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూమి రైతు పేరునే ఉంటుంది. వరుస కరువులతో ఉన్న ఊళ్లకు అది మేలే చేసిందని నేనూ అంటాను. కానీ అక్కడ కూడా కౌలు డబ్బు భూమి ఉన్నవాడికే చేరింది. భూమి లేనివాడు బెంగళూరు బస్సెక్కాడు.

కృష్ణవేణి_తీరం
రాళ్లసీమ గారూ, మీ పోస్టు మా నాన్నగారికి చదివి వినిపించాను. భూమి కోల్పోయిన కౌలు రైతును లెక్కలోకి తీసుకోకపోవడం నాగార్జునసాగర్ నాటి నుంచీ ఉన్నదే అన్నారు. సాగర్ కింద నీళ్లు వచ్చాయి కాబట్టి కాలక్రమంలో జనం మర్చిపోయారట.

నల్లనేల
ఇంతసేపూ బొగ్గును అమాయకురాలిలా నిలబెట్టి మాట్లాడుతున్నారు. మాది ఓపెన్‌కాస్టు గని పక్క ఊరు. బ్లాస్టింగు జరిగితే ఇంట్లో గిన్నెలు కదులుతాయి. గోడల మీద పగుళ్లు చూపించమంటే పొద్దంతా చూపిస్తాను. బోర్లలో నీళ్లు దిగిపోయాయి. గాలి తిరిగితే బూడిద చెరువు నుంచి దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద పడుతుంది.

థర్మల్ ప్లాంట్లు గంధకపు పొగ తగ్గించే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో నిబంధన తెచ్చారు. రెండేళ్ల గడువు పెట్టి ఎన్నోసార్లు పొడిగించారు. 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకు ఆ అవసరమే లేదన్నారు. ఆ యంత్రాలు పెట్టని ఖర్చును మా ఊపిరితిత్తులు కడుతున్నాయి. దాచిన ఖర్చుల గురించి రాయాలంటే మొదటి పేజీ మాది.

పాతమీటరు
నల్లనేల గారూ, మీ మాట పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు. బొగ్గు చవక అన్నది కూడా పూర్తి పద్దు కాదు. నేను అడిగేది ఒక్కటే, రెంటికీ ఒకే కొలత. బొగ్గు చేసిన హాని గురించి యాభై ఏళ్లుగా మాట్లాడుతున్నాం. హరిత విద్యుత్తు ఖర్చు గురించి మాట్లాడబోతే ప్రగతికి అడ్డుపడుతున్నాడంటారు.

నల్లనేల
ఒకే కొలత అయితే నేనూ మీతోనే ఉన్నాను.

జెండా_ఏదైనా
అసలు ఇదంతా అప్పటి ప్రభుత్వం గాలి మరల కంపెనీలకు యూనిట్ రూ.4.84 రాసిచ్చిన పాపం. ఆ ఒప్పందాలు చూడండి, అన్నీ అర్థమవుతాయి.

తూర్పుగాలి
అప్పటి ప్రభుత్వం రాసింది నిజమే, తర్వాతి ప్రభుత్వం ఏం చేసింది? 2019 జులైలో జగన్ ప్రభుత్వం ఆ ఒప్పందాలను తిరగదోడడానికి కమిటీ వేసింది. హైకోర్టు మధ్యంతరంగా పవన విద్యుత్తుకు రూ.2.43, సౌర విద్యుత్తుకు రూ.2.44 చెల్లించమంది. చివరికి 2022 మార్చిలో ఒప్పందం ప్రకారమే చెల్లించాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పు వచ్చింది. మూడేళ్లు పోరాడి సాధించింది బకాయిల గుట్ట.

నేను సంప్రదాయవాదిని. నా దృష్టిలో సంతకం అంటే సంతకమే. ధర ఎక్కువని నాకూ మంటే. కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా ఒప్పందం మారుతుందంటే రేపు టెండరు వేసేవాడు ఆ భయాన్ని కూడా ధరలో కలుపుతాడు. అది కూడా మనమే కడతాం. ఈ చర్చలో ఎవరూ చెప్పని దాచిన ఖర్చు ఇది.

జెండా_ఏదైనా
అంటే తప్పుడు ఒప్పందమైనా పాతికేళ్లు మోయాలా? మా అన్నదమ్ముల్లో ఒకడు తాగి రాసిచ్చిన ప్రోనోటు కూడా కుటుంబం తీర్చాలనేవారట మా తాతగారి కాలంలో.

తూర్పుగాలి
మోసం జరిగిందని రుజువైతే కోర్టులో కొట్టేయించండి, ఎవరు వద్దన్నారు? రుజువు లేకుండా రేటు నచ్చలేదని ఆపడం వేరు. అసలు జాగ్రత్త సంతకానికి ముందు ఉండాలి. పాతికేళ్ల ఒప్పందాన్ని ఐదేళ్ల ప్రభుత్వం హడావిడిగా చేయడం మొదటి తప్పు. 2015 నవంబరులో కర్నూలు పార్కు టెండరులో రూ.4.63 వస్తే దేశమంతా చవక అని చప్పట్లు కొట్టింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో అది రూ.2.44 అయింది. ధర ఇంత వేగంగా పడుతున్న సరుకును ఏ గృహస్థూ పాతికేళ్లకు ఒకేసారి కొనిపెట్టుకోడు.

గాలిమర
ఆ ధర పడింది ఎవరో ఒకరు ముందు కొన్నందువల్లే కదా. అందరూ పడేదాకా ఆగితే ఎప్పటికీ పడదు.

తూర్పుగాలి
ముందు కొనే భారాన్ని ధనిక దేశాలు మోయాలన్నదే నా వాదన. జర్మనీ మోసింది. అక్కడ కరెంటు బిల్లు మీద హరిత సర్‌ఛార్జీ 2017లో యూనిట్‌కు 6.88 సెంట్లు. మోయలేక 2022లో దాన్ని బిల్లు నుంచి తీసి ఖజానా మీద వేశారు. 2023 ఏప్రిల్‌లో నడుస్తున్న చివరి అణు రియాక్టర్లను కూడా ఆపేసుకున్నారు. కర్బనం వదలని కరెంటును ఆపి, బొగ్గును ఉంచుకున్నారు. ఆ దారిలో మనం నడవాల్సిన పని లేదు.

పైకప్పు
నా ఇంటి అనుభవం రాస్తాను. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాను. రూ.78,000 రాయితీ సక్రమంగా వచ్చింది. బిల్లు బాగా తగ్గింది, దాంట్లో ఫిర్యాదు లేదు.

పెట్టినవాళ్లు చెప్పనిది ఒకటుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం లైను కరెంటు పోయింది. పైన ఎండ మండిపోతోంది, ఇంట్లో ఫ్యాను తిరగదు. ఏమిటని అడిగితే, గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ లైనులో కరెంటు లేకపోతే తనంతట తానే ఆగిపోతుందన్నారు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా ఆ ఏర్పాటట. మంచిదే. కానీ బ్యాటరీ లేకపోతే సొంత సూర్యుడు కూడా మన చేతిలో లేడని డబ్బు కట్టకముందు చెప్పాలి కదా. ఆ తర్వాత కోతుల గుంపు వచ్చి ఒక ప్యానెల్ పగలగొట్టింది. ఫోన్ చేస్తే కోతులు వారంటీలో లేవన్నారు.

మితభాషి
కిష్కింధ వాళ్లకు ఏ వారంటీ వర్తిస్తుంది లెండి.

కృష్ణవేణి_తీరం
పైకప్పు గారి పోస్టు చదివాక ఒక సందేహం. సొంత డాబా ఉన్నవాళ్లు బిల్లు తగ్గించుకుంటే తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరి మీద పడుతుంది? మేం అద్దెకుంటాం. మా యజమాని డాబా మీద ప్యానెళ్లున్నాయి, మా మీటరు వేరు.

లెక్కలపంతులు
మీ మీదే పడుతుందమ్మా. తీగల ఖర్చు తగ్గదు, పంచుకునేవాళ్లు తగ్గుతారు. రాత్రి ఆయన వాడే కరెంటుకు కూడా ఆ తీగలే కావాలి. పగలు గ్రిడ్‌కు పంపిన కరెంటును వాడినదాంట్లోంచి తీసేసే నెట్ మీటరింగ్‌లో గ్రిడ్ ఆయనకు ఉచిత బ్యాటరీలా పనిచేస్తోంది.

పైకప్పు
ఈ కోణం నాకు తట్టలేదు. కృష్ణవేణి గారు చెప్పింది న్యాయం. గ్రిడ్ వాడుకున్నందుకు నా దగ్గర కొంత తీసుకుంటే నేను గొడవ చేయను.

బట్టమేక
నందికొట్కూరు వైపు వాణ్ని. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. చిన్నప్పుడు మా మామయ్య వేలు పెట్టి చూపిస్తే దూరంగా చూశాను, మనిషి నడుం ఎత్తు ఉండే పక్షి. అక్కడ అది కనుమరుగు కావడానికి సోలార్ కారణం కాదు, గడ్డి నేల కరిగిపోవడం ముఖ్య కారణం. కానీ ఇప్పుడు అది ప్రధానంగా మిగిలింది రాజస్థాన్‌లో, అక్కడ దానికి కరెంటు తీగలే గండం. చూపు పక్కలకు ఎక్కువ, ఎదురుగా తక్కువ. తీగ కనిపించే సరికి బరువైన ఒళ్లు తిప్పుకోలేదు.

తీగలు భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. ఖర్చు ఎక్కువని, దేశం ఇచ్చిన వాతావరణ హామీలకు అడ్డమని కేంద్రం వాదించింది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. పర్యావరణం పేరుతో వచ్చిన కరెంటు కోసం పర్యావరణం ఆగాల్సి వచ్చింది. ఇది నాకు మింగుడు పడదు.

రాళ్లసీమ
బట్టమేక గారూ, ఆ గడ్డి నేలనే రెవెన్యూ రికార్డుల్లో "బంజరు" అని రాస్తారు. గొర్రెలు మేసినా, పిట్ట గుడ్డు పెట్టినా అది బంజరే. సోలార్ పార్కు వచ్చాకే అది భూమి అవుతుంది.

పాతమీటరు
రాళ్లసీమ గారి ఈ వాక్యం రాసి పెట్టుకున్నాను.

గాలిమర
నిల్వ గురించి ఎవరూ మాట్లాడరేం? బ్యాటరీతో కలిపిన సోలార్ టెండర్లు 2024 చివరికి మూడున్నర రూపాయల దగ్గరికి వచ్చాయి. సాయంత్రం సమస్య తీరుతోంది. నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ఎలాగూ ఉంది.

బాయిలర్‌గది
ఆ టెండర్ల బ్యాటరీ నడిచేది రెండు గంటలో నాలుగు గంటలో. అది సాయంత్రానికి చాలుతుంది, తుపాను పట్టిన నాలుగు రోజులకు చాలదు. పంప్డ్ స్టోరేజీ మంచిదే, శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరు ఉన్నాయి. నీళ్లు పైకి తోడి మళ్లీ వదిలితే వంద యూనిట్లకు ఇరవై, పాతిక యూనిట్లు దారిలో పోతాయి. ఆ పోయేవాటికీ ధర ఉంది.

బ్యాటరీ సెల్లులు, ప్యానెళ్లకు మూలమైన పాలీసిలికాన్ ఎక్కువగా చైనా నుంచే. అందుకే మన కర్మాగారాలను కాపాడడానికి 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్ల మీద 40 శాతం సుంకం వేశారు. స్వదేశీ పరిశ్రమ కోసం నేను ఆ ఖర్చు భరిస్తాను, గల్వాన్‌లో చైనాతో ఘర్షణ తర్వాత మరీ ముఖ్యంగా. అయితే అదీ ఒక ఖర్చే అని ఒప్పుకోవాలి.

తూర్పుగాలి
బొగ్గు మీద పన్ను కూడా. 2010లో టన్నుకు రూ.50 వేశారు, 2016కి అది రూ.400. యూనిట్‌కు ముప్పావు కిలో బొగ్గు లోపే పడుతుంది కాబట్టి పాతిక పైసల పైచిలుకు. స్వచ్ఛ ఇంధనం కోసమన్నారు. 2017లో అది జీఎస్టీ పరిహారంలో కలిసిపోయింది. 2025 సెప్టెంబరులో సెస్సు తీసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. గని పక్కన దుమ్ము తిన్న నల్లనేల గారి ఊరికి అందులో ఎంత చేరింది?

నల్లనేల
మా ఊరికి చేరింది ఒక బోర్డు.

రాళ్లసీమ
పాతికేళ్ల తర్వాత ప్యానెళ్లు ఏమవుతాయి? మా పొలం గట్టున పగిలినవి ఇప్పుడే ఒక కుప్ప ఉంది.

లెక్కలపంతులు
2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లను చేర్చారు. వ్యర్థాలను 2034-35 దాకా నిల్వ ఉంచాలన్నారు. అంటే అసలు ఖర్చు మన పిల్లల చేతికి.

పాతమీటరు
ఏటా డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, వచ్చే ఏడాది ఆదాయ అవసరాలు దాఖలు చేసినప్పుడు విద్యుత్ నియంత్రణ మండలి అభ్యంతరాలు తీసుకుని బహిరంగ విచారణ పెడుతుంది. ఈసారి నేను రాతపూర్వకంగా పంపుతాను. ఇప్పటిదాకా రాసుకున్నవి: పగలు ఆపిన థర్మల్ ప్లాంట్లకు ఎన్ని కోట్ల స్థిర ఛార్జీలు కట్టారు? తీసుకోలేక వదిలేసిన సౌర, పవన విద్యుత్తుకు పరిహారం ఎంత? నిల్వ, లైన్ల ఖర్చు కలిపితే రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరిన సోలార్ యూనిట్ ధర ఎంత? బొగ్గు ప్లాంట్ల బూడిద, నీటి నష్టాన్ని ఏ ఖాతాలో రాస్తున్నారు? ఈ చివరిది నల్లనేల గారి కోసం.

గాలిమర
వ్యవసాయానికి పగటి కరెంటు వల్ల ఆదా ఎంతో కూడా అడగండి. అడిగితే నేనూ సంతకం పెడతాను.

పాతమీటరు
చేర్చాను.

రాళ్లసీమ
సోలార్ పార్కు భూముల్లో కూలీలు, గొర్రెల కాపరులు ఎంతమందో ఎవరైనా లెక్కపెట్టారా అని రాయండి. మండలి పరిధిలోకి రాదంటారేమో, అయినా రాయండి. తెలుగులో పంపవచ్చా?

తూర్పుగాలి
నిస్సంకోచంగా పంపండి. పోయినసారి నేను తెలుగులోనే మాట్లాడాను, విన్నారు. రాళ్లసీమ గారూ, వీలైతే మీ చిన్నాన్నను కూడా తీసుకురండి. ఆయన బస్సు ఖర్చు నాది.

రాళ్లసీమ
అడిగాను. మిగిలిన మందను ఆ రోజు ఎవరు మేపుతారో తేలితే వస్తానన్నాడు.